సున్నా శాతం

పెరంబూరు కోదండపాణి గారి దగ్గర
తొమ్మిదేళ్ళ ఆల్టో కొన్నాను.
లక్షా డెబ్భై వేలు. స్టెప్నీ, రెండు తాళాలు,
డాష్‌బోర్డుకి అతికించిన పిళ్ళయార్, అన్నీ ఇచ్చాడు.
ఒక్కటి ఇవ్వలేదు.

"నో క్లెయిమ్ బోనస్ నాదమ్మా.
అది బండితో రాదు, మనిషితో పోతుంది" అన్నాడు,
విడిదింట్లో మరచిన చెంబు
అడిగి తీసుకుపోయేవాడిలా.
అయిదేళ్ళు ఎవరినీ గుద్దని అతని యాభై శాతం
కొత్త బండెక్కి అణ్ణానగర్ వైపు వెళ్ళిపోయింది.
నా వంతు సున్నా.
నేనూ ఎవరినీ గుద్దలేదు.
నడపనేలేదు కదా, అదెవరూ లెక్కెయ్యరు.

ఇరవై రెండేళ్ళు. పెరుంగుడి డయాలసిస్ సెంటర్లో
రాత్రి డ్యూటీ. మూడు రాత్రులు
మిషన్ల మధ్య కూచుని ఫోన్లో ధరలు చూశాను.
ఒకడు అయిదు వేలు, ఒకడు ఎనిమిది.
నంబరిచ్చిన పాపానికి తెల్లారేసరికి
పదిహేడు మిస్డ్ కాల్స్.
"మేడమ్, బండి విలువ తగ్గించి రాసుకోండి,
ప్రీమియం తగ్గుతుంది."
థర్డ్ పార్టీ ఒక్కటి చాలన్నాడు నాన్న.
అంటే నేను గుద్దిన మనిషికి డబ్బొస్తుంది,
నా బండికి ఏమీ రాదు.
"మంచిదేగా" అన్నాడు.
నిజమే, మంచిదే.
కాని మేముండేది వేళచ్చేరిలో.

ఇంట్లో మాది తెలుగు, వీధిలో తమిళం,
పాలసీ కాగితం మాత్రం
ఎవరింట్లోనూ మాట్లాడని ఇంగ్లీషు.
పళ్ళికరణై జెరాక్స్ షాపు పక్కన
ప్లాస్టిక్ కుర్చీలో తమిళరసి అక్క
పదకొండో పేజీ మీద వేలు పెట్టింది.
"నీళ్ళలో నిలబడ్డ బండికి తాళం తిప్పావనుకో,
ఇంజను చస్తుంది.
చంపింది వాన కాదంటారు. నువ్వంటారు."
ఇంజనుకి విడిగా రక్షణ, ఎనిమిది వందల నలభై.
మొత్తం తొమ్మిది వేల మూడు వందలు.
ఫోన్లో వాడికన్నా పదకొండు వందలు ఎక్కువ.
దానికేమొస్తుందక్కా అన్నాను.
పాలసీ వెనక తన నంబరు బాల్‌పెన్నుతో రాసి
"ఇదొస్తుంది" అంది.
నాకు నచ్చలేదు. డ్యూటీకి టైమైపోతోంది,
కట్టేశాను.

కార్తీక దీపం వెళ్ళిన వారం.
ఊళ్ళో కార్లన్నీ ఫ్లైఓవర్ ఎక్కి నించున్నాయి,
వరదకి గట్టెక్కిన గొడ్లలా, మూతులు ఒకే వైపు పెట్టి.
నాది కిందే ఉంది. ఆరో మంచం మీద సౌందరవల్లి గారికి
ఇంకా గంటా పది నిమిషాలు రక్తం తిరగాలి.
మిషనాపి బండి చూసుకోమని
ఏ పాలసీలోనూ క్లాజు లేదు.

రెండున్నరకి దిగితే మోకాలి దాకా నీళ్ళు.
బంపరు దగ్గర ఎవరిదో ఒంటి చెప్పు తేలుతోంది.
తలుపు తీశాను,
నాకన్నా ముందు నీళ్ళే ఎక్కి కూచున్నాయి.
పిళ్ళయార్ పొడిగానే ఉన్నాడు.
తాళం పెట్టాను.
ఒక్కసారి, చూద్దాం, స్టార్టవుతుందేమో
అంటోంది కుడి చెయ్యి.
ఎడం చెయ్యి ఆ నంబరు కొట్టింది.
నాలుగు రింగులు.
నిద్రగొంతు: "తాళం తీసెయ్. తీసి జేబులో వేసుకో.
పొద్దున టో బండి పంపిస్తా.
తిన్నావా?"

మ్యాట్లు, ఆయిలు, ఒక బేరింగు:
నాలుగు వేల ఆరు వందలయింది.
క్లెయిమ్ చేద్దామన్నాను.
అక్క టీ రసీదు వెనక లెక్క వేసింది.
తప్పనిసరి వెయ్యి పోను, అరుగుదల పోను
చేతికొచ్చేది పదహారు వందలు.
"మొలకప్పుడే తెంపకు" అంది.
ఆ నెల నాన్న దగ్గర అప్పు చేశాను.

ఈ నవంబరులో రెన్యువల్ కాగితమొచ్చింది.
సున్నా ఉన్నచోట ఇరవై.
ఎనిమిది వందల చిల్లర తగ్గింది.
అందులో నా డ్రైవింగెంతో,
తిప్పని తాళమెంతో,
నాలుగో రింగుకి లేచిన మనిషి నిద్రెంతో
విడివిడిగా రాయలేదు.
జీఎస్టీ మాత్రం వేరే గడిలో చూపించారు.